మూడు స్థితుల లెక్కకు లొంగని పదార్థం

పదార్థానికి స్థితులెన్ని అని ఆరో తరగతి పిల్లల్ని అడగండి. ఘన, ద్రవ, వాయువులని మూడు వేళ్ళు చూపిస్తారు. బి.ఎస్సీ. చదివేవారిని అడగండి. వారూ మూడే చూపిస్తారు. కాస్త చురుకైనవారుంటే ప్లాస్మాను కలిపి నాలుగంటారు. తొమ్మిదేళ్ళ చదువుకు ఒక వేలు పెరిగిందన్నమాట! ఈ ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉన్నదనీ, అది మన బల్లమీది కాలిక్యులేటర్‌లోనూ, గోడ మీది టీవీలోనూ కూర్చుని రోజూ మనల్ని పలకరిస్తూనే ఉన్నదనీ చాలామందికి తోచదు.

ఆ జవాబు పేరు ద్రవ స్ఫటికం. అందులో నెమాటిక్ అనే రకాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలని నా ఉద్దేశం. పాఠంలాగా మొదలుపెట్టినా, చివరికి మనం సైన్సు చదివే తీరుతో నాకున్న తగాదా దగ్గరికే వచ్చి చేరతాను. ముందే చెప్పేస్తున్నాను, తరువాత ఎవరూ నిష్ఠూరమాడకూడదు.

వృక్షశాస్త్రజ్ఞుడి ఉత్తరం

1888వ సంవత్సరం. ప్రేగ్ నగరంలోని జర్మన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. మొక్కల్లో కొలెస్టరాల్ లాంటి పదార్థాలు ఏం చేస్తున్నాయో తేల్చుకోవాలని కారట్ దుంపల మీద పని పెట్టుకున్నాడు. ఆ పనిలో భాగంగా కొలెస్టరిల్ బెంజోయేట్ అనే ఎస్టరును తయారుచేసి, మనమంతా చేసినట్టే దాని ద్రవీభవన స్థానం చూడబోయాడు. 145.5 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర అది కరిగింది. కాని కరిగి మజ్జిగలా మసకగా ఉండిపోయింది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఆ మసక ఒక్కసారిగా విడిపోయి తేటనీరయింది. చల్లారుస్తుంటే నీలి, ఊదా రంగుల మెరుపులు. మళ్ళీ వేడిచేశాడు, మళ్ళీ అదే తంతు.

ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలు! ఇదేం విడ్డూరం?

ఇక్కడ రైనిట్జర్ చేసిన పని చిన్నదే. అయినా నా దృష్టిలో అదే అసలైన పని. తనకు అర్థం కానిదాన్ని కొట్టేయలేదు. రెండు అంకెలూ రాసుకున్నాడు. ఇది తన శాస్త్రం పరిధిలోది కాదని గ్రహించి, మార్చి 14న ఓటో లేమన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడికి ఉత్తరం రాసి, నమూనాలు పంపాడు. లేమన్ దగ్గర ఆ రోజుల్లో అరుదైన ఒక సాధనం ఉండేది: కింద వేడిచేసే ఏర్పాటున్న ధ్రువణ సూక్ష్మదర్శిని. దానిలో చూస్తే ఆ మసక ద్రవం స్ఫటికంలాగా ధ్రువిత కాంతితో ఆటలాడుతున్నది, నీళ్ళలాగా పారుతున్నది. పారే స్ఫటికాలు అని 1889లో లేమన్ ప్రకటించాడు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. కొన్నేళ్ళ క్రితం ఒక కళాశాలకు ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా వెళ్ళాను. ముప్పై రికార్డులు తిరగేస్తే బెంజోయిక్ ఆమ్లం ద్రవీభవన స్థానం ముప్పైటిలోనూ 122 డిగ్రీలే. ఒక్కరికి 121 లేదు, ఒక్కరికి 123 లేదు. లాబొరేటరీలో ఉన్నవి నాలుగు థర్మామీటర్లు. వాటిలో ఒకదాన్ని మంచుముక్కల్లో పెట్టి చూస్తే 3 డిగ్రీలు చూపించింది. అంటే ఆ థర్మామీటరుతో నిజాయితీగా చూసిన విద్యార్థికి 125 దగ్గర రావాలి. అతను మాత్రం పుస్తకంలోని అంకెనే రాశాడు. అతన్ని తప్పుపట్టను. 125 అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుడతారని అతనికి తెలుసు.

ఆ లాబొరేటరీలో రైనిట్జర్ ఉంటే ఏం జరిగేది? “పదార్థం శుద్ధిగా లేదు, మళ్ళీ చెయ్యి” అనేవారు. రెండోసారీ రెండంకెలు వస్తే పక్కవాడి రికార్డు చూసి ఒకటి కొట్టేసేవాడు. అంతటితో ద్రవ స్ఫటికాల కథ సమాప్తం.

శుద్ధిగా లేదన్నది పెద్దలే

మనమొక్కరమే ఇలా ఉన్నామని అనుకోకండి. “శుద్ధిగా లేదు” అన్నమాట ఆ రోజుల్లో యూరపులో పేరుమోసిన పెద్దలూ అన్నారు. గుస్తావ్ టమ్మాన్ అనే గొప్ప భౌతిక రసాయనజ్ఞుడు, ఇదంతా నీళ్ళలో నూనె కలిస్తే వచ్చే ఎమల్షన్ లాంటి మిశ్రమమే గాని కొత్త స్థితీ కాదు, గితీ కాదని ఏళ్ళ తరబడి వాదించాడు. దానికి జవాబు రసాయనశాస్త్రమే ఇవ్వాల్సివచ్చింది. 1890లో లుడ్విగ్ గాటర్మన్ పారా-ఎజాక్సీఎనిసోల్ అనే పదార్థాన్ని శుద్ధంగా తయారుచేశాడు. అది సుమారు 118 డిగ్రీలకు కరిగి మసక ద్రవమై, 135 దగ్గర తేటబడుతుంది. ఎంత శుద్ధి చేస్తే మసక అంత స్థిరంగా నిలబడింది గాని పోలేదు. హాలే నగరంలో డానియల్ ఫోర్లాండర్, ఆయన శిష్యులూ కలిసి ఇలాంటివి వందలకొద్దీ తయారుచేశారు. అణువు సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటే ఈ గుణం వస్తుందని ఫోర్లాండర్ సూత్రం చెప్పాడు.

1922లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జెస్ ఫ్రీడెల్ వీటన్నిటినీ వర్గీకరించి పేర్లు పెట్టాడు. సూక్ష్మదర్శినిలో దారపు పోగుల్లాంటి గీతలు కనిపించే రకానికి, దారమనే అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి నెమాటిక్ అన్నాడు. తమాషా ఏమిటంటే, ఆ పోగులు పదార్థంలోని లోపాలు. అణువుల వరస ఎక్కడ తెగిందో అక్కడ గీత కనిపిస్తుంది. లోపాన్ని చూసి పేరు పెట్టారు. ఆ లోపమే లోపల ఒక వరస ఉన్నదనడానికి సాక్ష్యం చెప్పింది. అసలు వరసే లేనిచోట తెగడానికి ఏముంటుంది గనక?

అగ్గిపెట్టెలో పుల్లలు

ఇంతకీ నెమాటిక్ అంటే ఏమిటి? అగ్గిపెట్టె తెరిచి చూడండి. పుల్లలన్నీ పొడుగునా ఒకే దిక్కుకు ఉంటాయి. కాని ఒకటి కాస్త ముందుకు, ఒకటి వెనక్కు. పెట్టెను ఊపితే ఒకదాని పక్కనుంచి ఇంకొకటి జారుతుంది, అయినా దిక్కు మాత్రం చెడదు. స్ఫటికంలో అణువుకు స్థానమూ నిశ్చయమే, దిక్కూ నిశ్చయమే. మామూలు ద్రవంలో రెండూ పోతాయి. నెమాటిక్‌లో స్థానం పోయి దిక్కు మిగులుతుంది. గోదావరి మీద వెదుళ్ళు కొట్టుకొస్తున్నప్పుడు పారుతూనే ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి చూశారా, అలాంటిది. అటు స్వర్గానికీ ఇటు భూమికీ కాని త్రిశంకుడి పరిస్థితి అనుకోండి.

ఆ వరస పూర్తి వరసేమీ కాదు. అన్ని అణువులూ ఖచ్చితంగా ఒకే దిక్కుకు ఉంటే 1 అనీ, ఎటు పడితే అటు ఉంటే 0 అనీ కొలిచే క్రమ పరామితి ఒకటుంది. నెమాటిక్‌లో ఇది సాధారణంగా 0.3కూ 0.7కూ మధ్య ఉంటుంది. తేటబడే ఉష్ణోగ్రత దగ్గర పడేకొద్దీ తగ్గుతూ వచ్చి, ఆ క్షణాన ఒక్కసారిగా సున్నాకు దూకుతుంది. ఆ దూకుడుకు కావలసిన వేడి ఎంతో తెలుసా? పారా-ఎజాక్సీఎనిసోల్‌ విషయంలో స్ఫటికాన్ని కరిగించడానికి పట్టే వేడిలో సుమారు యాభయ్యో వంతు. అంటే ఈ వరస అంత సున్నితమైనది, అంత తేలిగ్గా ఒప్పించదగినది. నెమాటిక్ ప్రయోజనమంతా ఈ మెతకదనంలోనే ఉంది.

ఒక దిక్కు ఉన్నది గనక దాని గుణాలు కూడా దిక్కునుబట్టి మారతాయి. 5సీబీ అనే పేరుగల నెమాటిక్‌నే తీసుకోండి. కాంతి కంపనం అణువుల పొడుగు వెంబడి ఉంటే వక్రీభవన గుణకం సుమారు 1.7, అడ్డంగా ఉంటే సుమారు 1.5. ఒకే ద్రవానికి రెండు వక్రీభవన గుణకాలు! విద్యుత్ క్షేత్రానికి స్పందించడం కూడా పొడుగున ఎక్కువ, అడ్డాన తక్కువ. అందుకే క్షేత్రం పెట్టగానే అణువులు దానివైపు తిరుగుతాయి. క్షేత్రం తీసేస్తే గాజు పలక గోడలు చెప్పిన దిక్కుకు మళ్ళీ వస్తాయి. గాజును ఒకే దిక్కుకు గుడ్డతో రుద్దితే చాలు, దానిని ఆనుకున్న అణువులు ఆ దిక్కున పడుకుంటాయి. ఫ్రాన్సులో మోగెన్ 1911 నాటికే ఈ విషయాలు పరిశీలించాడు. నేటికీ తెరలు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పాలీఇమైడ్ పూసిన గాజును గుడ్డ చుట్టిన రోలర్లతో రుద్దే పద్ధతి ఉంది. కోట్ల రూపాయల యంత్రాల మధ్య గుడ్డతో తుడిచే పని!

క్షేత్రానికీ గోడలకూ మధ్య జరిగే ఈ పోటీని 1927లో లెనిన్‌గ్రాడులో ఫ్రెడరిక్స్ కొలిచాడు. క్షేత్రం ఒక హద్దు దాటేవరకు అణువులు కదలవు, దాటగానే తిరగబడతాయి. ఆ హద్దుకు నేటికీ ఆయన పేరే. పాపం, ఆయన 1936లో అరెస్టయ్యాడు, 1944లో పోయాడు. తన హద్దు మీద ఒక పరిశ్రమ నిలబడుతుందని చూడలేదు.

తీసివేతలో ఉన్న తెలివి

దాదాపు ఎనభై ఏళ్ళు ఈ పదార్థాలు ప్రయోగశాల వింతలుగానే ఉండిపోయాయి. “ఎందుకు పనికొస్తాయి?” అన్న ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. 1968లో అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థ తరఫున జార్జ్ హైల్‌మయర్ బృందం ద్రవ స్ఫటికంతో అంకెలు చూపించే తెరను ప్రదర్శించింది. 1970 చివర స్విట్జర్లాండులో షాట్, హెల్‌ఫ్రిక్ అనే ఇద్దరు మెలితిప్పిన నెమాటిక్ ఘటానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. పద్ధతి సులువే. రెండు గాజు పలకల మధ్య కొద్ది మైక్రాన్ల సందు. పైపలక రుద్దిన దిక్కుకు కింది పలక దిక్కు లంబం. మధ్యలో అణువులు మెట్లమెట్లుగా 90 డిగ్రీలు మెలి తిరుగుతాయి. వాటితోపాటు కాంతి ధ్రువణమూ తిరిగి, రెండో పోలరాయిడ్ గుండా బయటపడుతుంది. కొద్ది వోల్టులు ఇస్తే అణువులు నిటారుగా లేస్తాయి, మెలి విడిపోతుంది, కాంతి ఆగిపోతుంది. అక్కడ నల్ల అంకె కనిపిస్తుంది. ఘటం తనంతట తాను వెలుగివ్వదు గనక కరెంటు ఖర్చు అత్యల్పం.

అయితే ఆ ఘటంలో పోయడానికి సరుకేది? చిక్కంతా అక్కడే వచ్చింది. 118 డిగ్రీల దగ్గర పనిచేసే గడియారాన్ని ఎవరు కట్టుకుంటారు? 1969లో జర్మనీలో కెల్కర్ బృందం తయారుచేసిన ఎంబీబీఏ గది ఉష్ణోగ్రతలోనే నెమాటిక్, నిజమే. కాని దాని రెండు బెంజీన్ వలయాలనూ కలిపేది షిఫ్ బేస్ బంధం. గాలిలో తేమ తగిలితే చాలు, విడిపోతుంది. ఎజో, ఎజాక్సీ వంతెనలు పెడితే పసుపురంగు. స్టిల్బీన్ వంతెన పెడితే వెలుతురు సోకి రూపం మారిపోతుంది. ఏ వంతెన కట్టినా ఏదో ఒక తంటా.

ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే 1940ల చివరినుంచీ ఈ పదార్థాలనే నమ్ముకుని కూర్చున్నాడు. అణు నిర్మాణానికీ ద్రవ స్ఫటిక గుణాలకూ ఉన్న సంబంధం మీద 1962లో పుస్తకమే రాశాడు. అందరూ మంచి వంతెన కోసం వెతుకుతుంటే, ఆయన అసలు వంతెననే తీసేశాడు. రెండు బెంజీన్ వలయాలను నేరుగా కలిపి, ఒక చివర సయనో సమూహం, రెండో చివర ఐదు కార్బన్ల తోక పెట్టాడు. అదే 5సీబీ. తేమకు చెడదు, రంగు లేదు, వెలుతురుకు జడవదు. 1973లో ఆయన బృందం దీన్ని ప్రకటించింది.

అణువును ఒక్కసారి కళ్ళముందు నిలబెట్టుకోండి. మధ్యలో బిరుసైన వెన్నెముక, అది వరసను నిలుపుతుంది. ఒక చివర మెత్తని తోక, అది పూర్తిగా గడ్డకట్టకుండా చూస్తుంది. రెండో చివర సయనో సమూహం, అది విద్యుత్ క్షేత్రం పిలిస్తే పలుకుతుంది. తోకలో ఒక్క కార్బన్ మారితే లెక్క మారిపోతుంది. ఐదు కార్బన్లకు తేటబడేది 35 డిగ్రీల దగ్గర, ఆరింటికి 29కి పడిపోతుంది, ఏడింటికి మళ్ళీ 42 దాటుతుంది. బేసికి పైకి, సరికి కిందికి! ఎనిమిది పెడితే నెమాటిక్‌కు ముందు ఇంకో దశ, అణువులు పొరలుగా పేర్చుకునే స్మెక్టిక్, వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ మన ఎండలనొకసారి తలుచుకోవాలి. 5సీబీ నెమాటిక్‌గా ఉండేది సుమారు 24నుంచి 35 డిగ్రీల వరకే. మే నెల మధ్యాహ్నం కొత్తగూడెంలోనో, రెంటచింతలలోనో అది ఉత్త ద్రవం, అంకె కనిపించదు. దానికి మందు కూడా రసాయనశాస్త్రమే చెప్పింది. ఇలాంటి నాలుగు పదార్థాలను తగు పాళ్ళలో కలిపితే గడ్డకట్టే స్థానం బాగా దిగుతుంది, తేటబడే స్థానం 60 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. ఈ7 అనే ఆ మిశ్రమాన్ని పీటర్ రేన్స్ లెక్కలు కట్టి రూపొందించాడు. చూశారా, శుద్ధి కోసం అంత యుద్ధం చేసిన పదార్థం చివరికి మిశ్రమంగానే లోకానికి పనికొచ్చింది!

మన ముంగిట్లో

ఇదంతా దొరలు చేసిన పని, మనకేం సంబంధమని అనేవారుంటారు. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో శివరామకృష్ణ చంద్రశేఖర్ గారు, రామన్ గారి మేనల్లుడు, 1971నుంచి ద్రవ స్ఫటికాల ప్రయోగశాల నడిపారు. అణువు పుల్లలా ఉండాలన్న ఫోర్లాండర్ మాట అప్పటికి వేదవాక్కు. 1977లో చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ కలిసి బిళ్ళల్లాంటి అణువులతో కూడా ద్రవ స్ఫటికం వస్తుందని చూపించారు. నాణేల దొంతరల్లాగా అవి పేర్చుకుంటాయి. ఆ పత్రాన్ని ప్రచురించింది మన దేశపు పత్రిక ‘ప్రమాణ’. ఆంధ్రదేశంలో నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ ఈ పదార్థాల మీద పరిశోధన జరిగింది. కాబట్టి ఇది మన నేల మీద మొలవని మొక్కేం కాదు.

కథ ముగిసిపోలేదు కూడా. అగ్గిపుల్లల మాట మళ్ళీ తీస్తాను. మామూలు నెమాటిక్‌లో పుల్లలు ఒకే దిక్కుకు ఉన్నా మందుతలలు సగం ఇటు, సగం అటు ఉంటాయి. అన్ని తలలూ ఒకేవైపు ఉండే ద్రవం సాధ్యమేనని 1916లో మాక్స్ బార్న్ ఊహించాడు. నూరేళ్ళు గడిచాయి. 2017లో ఇంగ్లండులోనూ, జపానులోనూ రెండు బృందాలు వింతగా ప్రవర్తించే నెమాటిక్‌లను ప్రకటించాయి. వాటిలో ఒకటి బార్న్ చెప్పినదేనని 2020లో అమెరికాలోని కొలరాడో శాస్త్రజ్ఞులు నిరూపించారు. నూరేళ్ళనాటి ఊహకు మొన్న మొన్న ప్రాణం వచ్చింది. మన సిలబస్‌లో మాత్రం పదార్థం ఇంకా మూడు వేళ్ళ మీదే నడుస్తున్నది.

నా తగాదా

“ఇదంతా వినడానికి బాగానే ఉంది మాస్టారూ, మార్కులు వేసేది మీరే గదా?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ మాటలు విద్యార్థులకంటే ముందు నా తోటి లెక్చరర్లకు చెబుతున్నాను. ముప్పైమందికి నాలుగు థర్మామీటర్లున్న చోట, మూడు గంటల్లో ప్రాక్టికల్ ముగించాల్సిన చోట, పుస్తకంలోని అంకెకు దగ్గరగా ఉంటే మార్కు వేసి చేతులు దులుపుకోవడం మనకు సుఖం. ఆ సుఖానికి చెల్లిస్తున్న మూల్యం ఏమిటంటే, చూసినదాన్ని నమ్మకపోవడం అనే విద్యను మూడేళ్ళపాటు పద్ధతి ప్రకారం నేర్పుతున్నాం.

నేను కోరేవి పెద్ద కోర్కెలు కావు. రికార్డులో ఎడమవైపు పేజీలో ‘నేను చూసింది’ అన్న శీర్షిక ఒకటి పెడదాం. అక్కడ రాసినదానికి మార్కు తగ్గించవద్దు. పుస్తకంతో తేడా వస్తే, ఎందుకు వచ్చి ఉంటుందో రెండు వాక్యాలు రాసినవారికి ఒక మార్కు ఎక్కువ వేద్దాం. థర్మామీటరును మంచులో పెట్టి చూసుకున్నవారికి ఇంకో మార్కు.

రెండోది. రైనిట్జర్ వృక్షశాస్త్రజ్ఞుడు, లేమన్ భౌతికశాస్త్రజ్ఞుడు, గాటర్మన్ రసాయనజ్ఞుడు. ఈ ముగ్గురిలో ఎవరు పక్కవాడి తలుపు తట్టకపోయినా ఈ శాస్త్రం పుట్టేది కాదు. మన కళాశాలల్లో బాటనీ వారికీ ఫిజిక్సు వారికీ మధ్య ఉన్నది ఒక వరండాయే. దాన్ని దాటి ఉత్తరం వద్దు, ఒక కబురైనా వెళ్ళదు. ఏడాదికి ఒక్క ప్రయోగమైనా మూడు శాఖలవారూ కలిసి చేయాలి.

అందుకు ఖర్చేమీ లేదు. పాత కాలిక్యులేటర్ ఒకటి తెచ్చి, తెర మీది పోలరాయిడ్ పొరను జాగ్రత్తగా ఊడదీయండి. అంకెలు మాయమవుతాయి. ఆ పొరను కంటి ముందు పట్టుకుని చూస్తే మళ్ళీ వస్తాయి. లంబంగా తిప్పితే నలుపు తెలుపు, తెలుపు నలుపు అవుతాయి. తరువాత పొర మునుపటిలా ఉంచి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయరుతో తెరను నెమ్మదిగా వేడిచేయండి. ఒక దశలో తెర అంతా నల్లబడుతుంది. నెమాటిక్ ఉత్త ద్రవంగా మారిన క్షణం అదే. చల్లారనివ్వండి, వరస తిరిగి వస్తుంది, తెర తెల్లబడుతుంది. రైనిట్జర్ చూసిన రెండో ద్రవీభవన స్థానం లాంటిదే మీ చేతిలో ఉంది. ఎన్ని డిగ్రీల దగ్గర జరిగిందో మీరే కొలిచి రాయండి. ఆ అంకె మీ పాఠ్యపుస్తకంలో ఉండదు. పక్కవాడి కాలిక్యులేటర్‌కు వేరే అంకె వస్తుంది, ఎందుకంటే దానిలో పోసిన మిశ్రమం వేరు. కాపీ కొట్టడానికి వీల్లేని ప్రయోగం!

మూడోది, “దీనివల్ల ఉద్యోగం వస్తుందా?” అన్న ప్రశ్న. ఇంట్లో అమ్మా నాన్నా అడుగుతారు, వారి బాధ వారిది, అడగనివ్వండి. కాని తరగతి గదిలో ఆ ప్రశ్నను మనమే ముందుగా అడిగి, వచ్చే కుతూహలం నోరు నొక్కవద్దు. కారట్ దుంపలతో మొదలైన పని ఇన్ని కోట్ల తెరలకు దారితీస్తుందని 1888లో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. తెలియకపోయినా ఆనాడు ఒక మనిషి తన పుస్తకంలో రెండు అంకెలు రాశాడు.

ఈ ఏడు లాబొరేటరీలో అడుగుపెట్టే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. మీ థర్మామీటరు రెండంకెలు చూపితే రెండూ రాయండి. ఎర్రసిరా పడితే పడనివ్వండి. ఆ సిరా వేసిన లెక్చరరు దగ్గరకు వెళ్ళి, “అయ్యా, నేను చూసింది ఇది. ఎందుకిలా అయిందో ఇద్దరం మళ్ళీ చూద్దాం రండి” అని మర్యాదగానే అడగండి. వచ్చి చూసే బాధ్యత మాది.